పెన్సిల్ మామయ్య

మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని అమ్మ ఫోన్ చేసి చెప్పే సమయానికి నేను ఒక పెద్దాయన కళ్లజోడు కాడ ఆయన చెవికి సరిపోయేలా వంచుతున్నాను. వార్త విని కాడ కాస్త ఎక్కువే వంచేశాను. ఆయన ఒక కన్నుతో పైకప్పునీ, ఇంకో కన్నుతో నన్నూ చూడాల్సి వచ్చింది. క్షమించమని అడిగి, మా అమ్మకి పెళ్లండీ అన్నాను. ఆయన ఆ వంకర జోడుతోనే శుభాకాంక్షలు చెప్పాడు.

మా అమ్మ సిటీ బస్సు డ్రైవరు. పోయిన ఏడాదే రిటైరైంది. నాన్న పోయినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, తమ్ముడు ఇంకా నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే వయసు. అప్పట్నించీ అమ్మ పొద్దున బస్సు, సాయంత్రం వంటగది, మధ్యలో మేమిద్దరం అన్నట్టుగా బతుకు లాక్కొచ్చింది. రిటైరైన రోజు డిపో వాళ్లు దండ వేసి ఒక గోడగడియారం చేతిలో పెట్టారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బండి ఆలస్యంగా తియ్యని మనిషికి, తెల్లారేసరికి వెనకబడిపోయే గడియారం ఇచ్చారు. దాన్ని చంకలో పెట్టుకుని అమ్మ మలుపులో ఉన్న గడియారాల రిపేరు షాపుకెళ్లింది.

షాపాయన దాన్ని విప్పి, తుడిచి, బిగించి ఇచ్చాడు. వారం తిరక్కుండా మళ్లీ పట్టుకెళ్లింది. ఆయన మళ్లీ విప్పాడు. మూడోసారికి ఆయనకి తన పనితనం మీదే అనుమానం వచ్చి, డబ్బులొద్దన్నాడు, బదులుగా టీ ఇచ్చాడు. ఆ గడియారానికి జబ్బేమిటో మా తమ్ముడు కనిపెట్టాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు, ఏది ఎందుకు ఆగిపోయిందో తెలిసేదాకా వాడికి నిద్రపట్టదు. ఒక రోజు చెప్పకుండా ఇంటికెళ్తే అమ్మ స్టూలెక్కి గరిటె కాడతో పెద్ద ముల్లుని వెనక్కి నెడుతోందట. బాగానే నడుస్తోంది కదమ్మా అంటే, "నిన్నెవరైనా అడిగారా?" అందట.

అలా కుదిరింది ఆ సంబంధం. ఆయన్ని మేం గడియారం గారు అనేవాళ్లం. సన్నగా, మెత్తగా ఉంటాడు. మాట్లాడే ముందు ప్రతి మాటనీ వెలుతురుకి పట్టి చూసుకున్నట్టుగా ఆగుతాడు. ఇద్దరూ ఒకరినొకరు మీరు అనే పిలుచుకునేవారు. కూర్చోండి అంటే మీరు కూర్చోండి, తినండి అంటే ముందు మీరు తినండి. వాళ్ల మధ్య కూర్చుంటే మాకు ఆకలితో ప్రాణం పోయేది.

పెళ్లి పై వారం రిజిస్టర్ ఆఫీసులో అనుకున్నారు. అమ్మ ఆయన షాపు మీద ఉన్న ఇంటికి మారిపోతుంది. ఆ ఇంట్లో వంటగది సన్నగా బస్సు నడవలాగే ఉంటుంది. కొత్త కాపురానికని కొత్త ఓవెన్ కొన్నారు. దాని పక్కన గోడకి ఆయన స్వయంగా ఒక అర బిగించాడు, వంటల పుస్తకాల కోసం. అది నిండా చెయ్యి చాపినంత కూడా లేదు. ఆయన పుస్తకాలున్నాయి, అమ్మ పుస్తకాలున్నాయి. ఏవి ఉండాలో, ఏవి పోవాలో తేల్చుకోవాలి. మోయడానికి మా ఇద్దర్నీ ఆదివారం పిలిచారు.

అమ్మ పుస్తకాల గురించి ఒక మాట చెప్పాలి. వాటిలో ఒక్కటి కూడా ఆవిడ కొన్నది కాదు. డిపోలో, జనం బస్సుల్లో మర్చిపోయిన సామాను దాచే గది ఒకటుండేది. గడువు దాటాక కూడా ఎవరూ అడగని వస్తువుల్ని సిబ్బంది తీసుకోవచ్చు. అందరూ గొడుగులకీ చేతిసంచులకీ ఎగబడితే అమ్మ వంటల పుస్తకాలు ఏరుకునేది. ఎవరో తడిసిన సంచితో సహా వదిలేసినవి, ఎవరికో బహుమతిగా కట్టిన కాగితం ఇంకా విప్పనివి. మా ఇంట్లో భోజనమంటే ఎవరో ఒకరు బస్సులో మర్చిపోయిందే.

వాటన్నిటిలోకీ రాజు ఎర్ర అట్ట పుస్తకం. లావుగా, మొదటి పేజీ లేకుండా, వెన్ను దగ్గర కుట్లు ఊడి ఉండేది. దాన్ని మర్చిపోయిన మనిషి దాని నిండా అంచుల్లో పెన్సిలుతో రాసి పెట్టాడు. చిన్న అక్షరాలు, నిటారుగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. ‘ఉప్పు సగం చాలు.’ ‘ఈ లెక్క తప్పు.’ ‘బంగాళాదుంపలు ఇంకో పది నిమిషాలు ఉంచాలి.’ అమ్మ మొదట్లో ఆ మాటలు నమ్మింది. బంగాళాదుంపలు బొగ్గయ్యాయి. ఆ రోజు అమ్మ నీలం పెన్ను తీసుకుని ఆ పెన్సిల్ గీతల కింద రాసింది: ‘నిన్ను నమ్మినందుకు నాకు బుద్ధి వచ్చింది.’

అక్కణ్ణించి మొదలైంది. ప్రతి పేజీలో పెన్సిల్ ఒక మాట అనడం, పెన్ను దాన్ని తిప్పికొట్టడం. ‘నీ నాలుక ఎక్కడ పారేసుకున్నావు నాయనా’ అని పప్పు సూపు దగ్గర. ‘నీకు ఉల్లిపాయల మీద ఏమిటంత పగ?’ అని కూర దగ్గర. మేం ఆ మనిషికి పెన్సిల్ మామయ్య అని పేరు పెట్టాం. కంచాల ముందు కూర్చోగానే తమ్ముడు అడిగేవాడు, ఇవాళ పెన్సిల్ మామయ్య ఏమన్నాడమ్మా అని. అమ్మ చదివేది, తిట్టేది, మేం నవ్వేవాళ్లం. ఆయన మా ఇంట్లో మనిషే. కాకపోతే ఎప్పుడూ రాడు.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం నారింజ కేకు పేజీలో జరిగింది. అక్కడ పెన్సిల్, ‘పుస్తకం చెప్పిన సమయం తప్పు. ఇంకో పావుగంట ఉంచితే గానీ ఉడకదు’ అంది. దాని కింద పెన్ను, ‘ఇంకో పావుగంట ఉంచితే అది కేకు కాదు, ఇటుక. పావుగంట ముందే తీసెయ్యాలి. నువ్వెవరివో గానీ మీ ఇంట్లోవాళ్ల పళ్లు చాలా గట్టివి’ అంది. అంచులో చోటు చాలక అమ్మ మిగతాది పక్క పేజీలో రాసింది.

సరే, ఆ ఆదివారం. అమ్మ కింద షాపులో ఇంకో అట్టపెట్టె కట్లు విప్పుతోంది. పైన వంటగదిలో గడియారం గారు పుస్తకాల్ని ఒక్కొక్కటే తీసి మెత్తటి బట్టతో తుడుస్తున్నాడు. ఎర్ర పుస్తకం చేతికొచ్చింది. తుడవడం ఆగిపోయింది. ఆయన దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, బోర్లించిన బకెట్టు మీద నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఇది మీకెక్కడిది?" అని అడిగాడు.

బస్సులో దొరికిందని చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉండిపోయాడు. తర్వాత మెల్లిగా చెప్పుకొచ్చాడు. పెళ్లాం పిల్లలు లేని రోజుల్లో, ఈ షాపు ఇంకా పెట్టకముందు, ఒక్కడే ఒక అద్దె గదిలో ఉంటూ ఈ పుస్తకం చూసే వంట నేర్చుకున్నాడట. ఒక రోజు రైలు దిగి బస్సెక్కి ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో పుస్తకం లేదు. రైల్లోనే పోయిందనుకున్నాడు. స్టేషన్‌లో పోయిన వస్తువుల కిటికీ దగ్గరికి తిరిగి తిరిగి అక్కడి గుమాస్తాకి స్నేహితుడైపోయాడు గానీ బస్సు డిపోలో అడగాలని మాత్రం తోచలేదు.

తమ్ముడు పక్కనే ఉన్న రిపేరు చీటీ ఒకటి తీసుకుని పుస్తకం పక్కన పెట్టాడు. అవే చిన్న నిటారు అక్షరాలు. పెన్సిలే. వాడి మొహం చూడాలి. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు తలుపు తెరుచుకోగానే పెట్టే మొహం అది. పరిగెత్తుకొచ్చి ఆయన్ని బకెట్టు మీదే కావలించుకుని, "మామయ్యా" అన్నాడు.

ఆయనకేం అర్థం కాలేదు. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. "మామయ్య అనకురా, అమ్మకి అన్న అయిపోతాడు. పెళ్లి చెడుతుంది."

"అయితే బాబాయి" అని సవరించుకుని వాడు వదల్లేదు.

ఈలోగా గడియారం గారు నీలం సిరా చూశాడు. ఒక పేజీ చదివాడు. భుజాలు కదిలాయి. ఇంకో పేజీ చదివాడు. ఆ మెత్తటి మనిషి, మాట మాటకీ ఆగే మనిషి, కళ్లజోడు తీసేసి మోకాళ్లు కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే నవ్వాడు గానీ పైకి చదవడం ఎందుకు. సరిగ్గా అమ్మ పెట్టె మోసుకుంటూ గుమ్మంలోకి రాగానే, ఆయన కళ్లు తుడుచుకుంటూ, "‘నీ నాలుక ఎక్కడ పారేసుకున్నావు నాయనా’ అని రాశారండీ మీరు నాకు" అన్నాడు.

అమ్మ పెట్టె కింద పెట్టింది. ఆయన్ని చూసింది, పుస్తకాన్ని చూసింది, చీటీని చూసింది. మొహం ఎర్రబడి, తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది.

"అది మీకు కాదండీ. పెన్సిలుకి" అంది.

"ఆ పెన్సిల్ నాదేనండీ."

"అయితే ఆ బంగాళాదుంపలు కూడా మీవేనన్నమాట."

అంతే, చేతిసంచి తీసుకుని దిగి వెళ్లిపోయింది. మేం వెనక పరిగెత్తినా అందలేదు. ఆవిడకి ఊళ్లో ప్రతి బస్సూ ఆగుతుంది.

సోమవారం అమ్మ ఫోన్ చేసి పెళ్లి గురించి ఇంకోసారి ఆలోచించుకోవాలి అంది. ఏడుస్తోందా, నవ్వుతోందా అన్నది నాకు అంతుపట్టలేదు. సాయంత్రం వెళ్లి చూస్తే వంటగదిలో ఖాళీ అరల ముందు కూర్చుని ఉంది. అప్పుడు చెప్పింది అసలు మాట. బండి దిగి ఇంటికొచ్చాక, మేం హోంవర్కులో ఉంటే, పొయ్యి దగ్గర తను మాట్లాడుకోవడానికి పెద్దవాళ్లు ఎవరూ ఉండేవారు కాదట. డిపోలో నోరు మూసుకోవాలి, ప్రయాణికుల ముందు నోరు మూసుకోవాలి, పిల్లల్ని కసరబుద్ధి కాదు. ఆ పెన్సిల్ ఒక్కడే ఎన్ని తిట్టినా పడేవాడు.

"వాడితో నాకు బాగా అలవాటైపోయింది. నిన్న ఆ మనిషి నవ్వుతుంటే, వాడు పోయాడనిపించింది. ఇంక ఎవర్ని తిట్టుకోను? ఈయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. అండీ అంటూ ఎలా తిడతారే?"

నాకు నవ్వొచ్చింది. పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల పెట్టాను, అంతే.

మర్నాడు గడియారం గారు మా షాపుకొచ్చాడు. కళ్లజోడు వదులైందన్నాడు. దానికేమీ కాలేదు. నేను ఊరికే తుడిచి ఇస్తుంటే, అమ్మ ఎలా ఉంది అని అడిగాడు. అమ్మ అన్నదంతా చెప్పేశాను, చెప్పొచ్చో లేదో చూసుకోకుండా. ఆయన జోడు నా చేతిలోంచి తీసుకుని పెట్టుకున్నాడు.

"నన్నే తిట్టమనండి. నేనూ అంత మెత్తవాణ్ణేం కాదు. రాత్రి ఆ పుస్తకమంతా చదివాను. సూపు ఒప్పుకున్నాను, కూర ఒప్పుకున్నాను, బంగాళాదుంపలకి క్షమాపణ చెప్పుకుంటాను. కేకు విషయంలో మాత్రం నేను తగ్గను. ఆవిడ చెప్పింది శుద్ధ తప్పు. పావుగంట ముందే తీస్తే లోపలంతా జావ."

ఆ మాట అక్షరం పొల్లుపోకుండా అమ్మకి ఫోన్లో చెప్పాను. "జావా?" అంది. ఆ గొంతు నాకు తెలుసు. ఎర్ర లైటు పడ్డాక అడ్డంగా దూరే కారుని చూసినప్పటి గొంతు. "శనివారం నారింజలు తెమ్మను."

శనివారం అమ్మ ఏప్రనుతో సహా దిగింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. ఇద్దరూ ఆ సన్నటి వంటగదిలో వీపులు తాకించుకుంటూ చెరో గిన్నె కలిపారు. ఒకరికొకరు తగలకుండా తిరగడానికి చోటు లేదు, తగిలినప్పుడల్లా క్షమించండి అనుకోవడం మానలేదు. నారింజ తొక్క తురుము ఇల్లంతా వాసనేసింది. తమ్ముడు నేల మీద కూర్చుని కేకు గిన్నెలకి వెన్న రాస్తున్నాడు. నారింజలు మిగిలాయి, గుడ్లు మిగిలాయి, మూడో గిన్నె కూడా ఉంది. మరి పుస్తకం ఏం చెప్పిందో అలాగే ఒకటి చేద్దామా అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగి, వద్దని ఒక్కసారే అన్నారు. చేశాను. ఇన్నేళ్లలో ఆ పుస్తకం మాట ఎవరూ విన్న పాపాన పోలేదు.

ఒకటి తర్వాత ఒకటి ఓవెన్లో పెట్టాం. ఆయనది పుస్తకం చెప్పినదానికన్నా పావుగంట ఎక్కువ, అమ్మది పావుగంట తక్కువ, నాది ఉన్నదున్నట్టు. ఆయన జేబుగడియారం పట్టుకుని ఓవెన్ ముందు నిలబడ్డాడు, అమ్మ ఆయన వెనక ఆయన్నే కాపలా కాస్తూ నిలబడింది. అన్నీ చల్లారాక తమ్ముడి కళ్లకి తువ్వాలు కట్టి బల్ల ముందు కూర్చోబెట్టాం.

మొదటి ముక్క నోట్లో పెట్టుకుని వాడు చాలాసేపు నమిలాడు. ఇదేదో గోడ కట్టడానికి పనికొస్తుంది అన్నాడు. అమ్మ చేతులు కట్టుకుని పైకప్పు వైపు చూసింది. రెండోది స్పూనుతో తీసుకోవాల్సి వచ్చింది, ముక్కగా లేవలేదు. దీన్ని తాగాలా అని అడిగాడు. గడియారం గారు గొంతు సవరించుకున్నాడు. మూడోది నోట్లో పెట్టుకోగానే వాడు మాట్లాడ్డం మానేశాడు. తడుముకుని ఇంకో ముక్క తీసుకున్నాడు. తువ్వాలు విప్పకుండానే పళ్లెం తనవైపు లాక్కున్నాడు.

ఇద్దరూ ఆ మూడో కేకు చెరో ముక్క తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందు తేరుకున్నది ఆయనే. అప్పట్లో ఆ అద్దె గదిలో తన ఓవెన్ తలుపు సరిగ్గా పడేది కాదని, దాన్ని కుర్చీ ఆనించి మూసేవాడినని చెప్పాడు. వేడి సగం గదిలోకే పోయేది. చలికాలం ఆ గదికి అదే హీటరు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా పాత ఓవెన్ మంట ఎప్పుడూ తగ్గేది కాదు, దాన్ని తిప్పే మరే పోయింది, బాగుచేయించే తీరిక ఆవిడకి ఎన్నడూ దొరకలేదు.

"అంటే, ఇన్నేళ్లూ మనం పోట్లాడింది ఓవెన్ల గురించా?" అంది.

"నా ఓవెన్‌తో మీ ఓవెన్ పోట్లాడిందండీ. మనం మధ్యలో రాసిపెట్టాం."

అమ్మ నవ్వు అక్కడ మొదలైంది. నిలబడి నవ్వింది, బల్ల పట్టుకుని నవ్వింది, ఇంక లాభం లేదని నేల మీద కూర్చుని నవ్వింది. ఆయన ఆవిడ్ని లేపబోయి తనే కూలబడ్డాడు. ఓవెన్‌కి వీపులు ఆనించి ఇద్దరూ బడిపిల్లల్లా ఒకరిమీద ఒకరు పడిపోతున్నారు. నవ్వు కాస్త తగ్గగానే ఎవరో ఒకరు ఇటుక అనేవారు, ఇంకొకరు జావ అనేవారు, మళ్లీ మొదలు. తమ్ముడు తువ్వాలు పైకెత్తి ఒక కన్నుతో చూసి, తన పళ్లెం దగ్గరికి తిరిగిపోయాడు.

చివరికి అమ్మ కళ్లు తుడుచుకుని ఇంకో ముక్క కొరికింది. అయినా ఇది మరీ అంత గొప్పగా ఏం లేదు, నారింజ వాసన చాల్లేదు అంది. ఆయన కూడా కొరికి ఆలోచించాడు.

"నిజమే. తొక్క ఇంకాస్త పడాలి."

"అదే నేనూ అంటున్నాను మొద్దూ" అంది అమ్మ. అన్న తర్వాత తనే ఉలిక్కిపడింది. ఆయన చెవులదాకా మురిసిపోయాడు. ఆవిడకి నోరొచ్చేసింది.

ఆ సాయంత్రమే పుస్తకాల సంగతి తేల్చారు. అమ్మ దానికో పద్ధతి పెట్టింది. పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి వదిలెయ్యాలి. తనంతట తను మరకలున్న పేజీ దగ్గర తెరుచుకుంటే అది ఇంట్లో ఉంటుంది. మూసుకున్నట్టే ఉండిపోతే, లేదా బొమ్మల దగ్గర తెరుచుకుంటే, పోతుంది. ఎర్ర పుస్తకానికి పరీక్ష అక్కర్లేదన్నారు. ఆయన రొట్టెల పుస్తకం నిలిచింది, దాన్ని కదిలిస్తే ఇప్పటికీ పిండి రాలుతుంది. ఏ నెలలో ఏ కూరగాయ బాగుంటుందో వరసగా చెప్పే పుస్తకం నిలిచింది. ఒకే గిన్నెలో అయిపోయే వంటలది, సన్నటిది, అమ్మ డ్యూటీ రోజుల్లో మమ్మల్ని బతికించినది కూడా నిలిచింది, దాని అట్ట మీద గిన్నె పెట్టిన గుండ్రటి మచ్చ ఉంది. తమ్ముడు గుడ్డు ఉడకబెట్టడం నేర్చుకున్న పిల్లల పుస్తకం కూడా ఉంచాలన్నాడు గడియారం గారు. ఎందుకండీ, ఇక్కడ పిల్లలెవరున్నారు అంటే, ఆ బొమ్మ గుడ్డు తనకి నచ్చిందన్నాడు. నిగనిగలాడే కాగితం మీద, మన దగ్గర లేని మిషన్లన్నీ అడిగే బరువైన పుస్తకాలు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. అవన్నీ పెట్టెలోకి పోయాయి.

పెళ్లి అనుకున్న రోజునే అయింది. సంతకాలు పెట్టేటప్పుడు ఆఫీసాయన పెన్ను ఇస్తే అమ్మ కిసుక్కున నవ్వింది, ఆయన కూడా నవ్వాడు, ఆఫీసాయన తన కాగితాల్లో తప్పేముందా అని వెతుక్కున్నాడు. అక్కణ్ణించి షాపుకొచ్చాం. గుమ్మం ముందు మెట్ల మీదే విందు. నేనూ తమ్ముడూ రాత్రంతా చేసిన నారింజ కేకులు, తొక్క ఇంకాస్త వేసినవి. మెట్ల కింద ఆ పుస్తకాల పెట్టె పెట్టాం, కావలసినవాళ్లు తీసుకోవచ్చని. అమ్మ కొత్త చీర మీద ఏప్రను కట్టుకుని దారినపోయేవాళ్లందర్నీ పిలిచి చేతికొక ముక్క, చంకలోకొక పుస్తకం ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, మీ ఓవెన్ తలుపు సరిగ్గా పడుతుందా అని అందర్నీ అడిగి మరీ ఇచ్చింది.

ఇంతలో అమ్మ పాత రూటు బస్సు మలుపు తిరుగుతూ వచ్చింది. అక్కడ స్టాపు లేదు. అయినా ఆగింది. నడుపుతున్నది అమ్మ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, హారన్ మోగించి వీధి అంతా లేపేసింది. ముందు తలుపు తెరుచుకుంది. అమ్మ కేకు పళ్లెంతో లోపలికెక్కి, సీటు సీటుకీ తిరిగి అందరికీ పెట్టింది. కోపంగా ఉన్న ఒక పెద్దమనిషికి రెండు ముక్కలు పెట్టింది. పెట్టెలో మిగిలిన చివరి పుస్తకం, అన్నిటిలోకీ బరువైనది, కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ ఒళ్లో పెట్టేసింది.

గడియారం గారు కింద నిలబడి జేబుగడియారం తీసి చూశాడు.

"బండి ఆలస్యమవుతోందండీ" అన్నాడు.

అమ్మ మెట్టు మీద నిలబడి, ఖాళీ పళ్లెం ఊపుతూ ఆయన వైపు చూసింది.

"పోనీండి" అంది.

నా చెవులు నేను నమ్మలేదు. తమ్ముడూ నమ్మలేదు. అమ్మ దిగింది, తలుపు మూసుకుంది, బస్సు మెల్లగా కదిలింది. కిటికీ పక్కనావిడ అప్పటికే పుస్తకం తెరిచి ఒక చేత్తో కేకు తింటూ, పేజీ మీద రాలిన పొడిని వేలితో అద్దుకుంటోంది.